గుండమ్మ ఎడమ చెయ్యి మాకు కనబడాలి

పాత తెలుగు సినిమాల హక్కులు, నెగెటివ్‌లు, ప్రింట్లు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో ఆ పెద్దలందరికీ,

నమస్కారం.

మొన్న వేసవి సెలవుల్లో మా తమ్ముడు పెళ్లాం పిల్లలతో డాలస్ నుంచి గుంటూరు వచ్చాడు. వాడి కూతురికి 12 ఏళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ గబగబా మాట్లాడితే అందుకోలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఎండకి గడప దాటే వీల్లేక ఇంటిల్లిపాదీ హాల్లోనే చేరాం. ఏం చూద్దామా అని అందరూ ఫోన్లలో వెతుకుతుంటే మా అమ్మ, "గుండమ్మ కథ పెట్టండే, పిల్ల కూడా చూస్తుంది" అంది. బీరువాలో డీవీడీ ఉంది. ప్లేయర్ దుమ్ము దులిపి పెట్టాం.

మా అమ్మ పుట్టిల్లు దుగ్గిరాల. జమున గారు పెరిగిన ఊరు. సావిత్రి గారి చిర్రావూరు అక్కడికి దగ్గరే. సినిమా తీసిన చక్రపాణి గారిది తెనాలి ఐతానగరం. 1962లో ఆ సినిమా వచ్చినప్పుడు మా తాతయ్య ఇంట్లో వాళ్లందర్నీ రైలెక్కించి తెనాలి తీసుకెళ్లి చూపించాడట. అప్పటికి అమ్మకి 14 ఏళ్లు. ఆ సినిమా గురించి మాట్లాడితే ఊళ్లోవాళ్ల పెళ్లి గురించి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఎవరు ఏ చీర కట్టుకున్నారో, ఎవరు ఎవర్ని ఏమన్నారో అన్నీ గుర్తే.

సినిమా మొదలైన కాసేపటికి అమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఇదేంటే, సూర్యకాంతం చెయ్యి ఏదీ?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చూస్తే నిజమే. గుండమ్మ గుమ్మంలో నిలబడి సవతి కూతురు లక్ష్మిని కేకలేస్తోంది. నుదుటి మీద జుట్టు తెర పైఅంచుకి తగిలి తెగిపోయింది. కింద నడుము దగ్గరే బొమ్మ అయిపోయింది. మాట వినిపిస్తోంది గానీ ఆ మాటతో పాటు తిరగాల్సిన చెయ్యి లేదు. సూర్యకాంతం గారిది ఎడమచేతి వాటం అని తెలుగువాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. ఆవిడ ఎవర్నయినా తీసిపారేయాలంటే నోటికంటే ముందు ఆ ఎడమ చెయ్యి లేస్తుంది. ఆ విసురు లేకపోతే ఆవిడ తిట్టు సగమే తిట్టినట్టు.

అమ్మ లేచి టీవీ పక్కన నిలబడింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. తెర మీద గుండమ్మ మాట అంటుంటే పక్కనే అమ్మ ఎడమ చెయ్యి గాల్లో తిప్పి, "ఇదుగో, ఇట్టా అంటదమ్మా" అని మనవరాలికి చూపించింది. అప్పటిదాకా బిగదీసుకుని కూర్చున్న పిల్ల నానమ్మని చూసి పగలబడి నవ్వింది.

ఆ నవ్వు టీవీలో ఉన్న సినిమా నుంచి రావాలి కదండీ. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో సినిమా బొమ్మ ఇంచుమించు నలుచదరం. ఇప్పటి టీవీ వెడల్పు. పాత బొమ్మని ఉన్నదున్నట్టు వేస్తే టీవీకి అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి. అవి రాకూడదని డిస్కు చేసినవాళ్లు బొమ్మని పెద్దది చేసి పైనా కిందా కోసేశారు. లెక్కేస్తే బొమ్మలో నాలుగో వంతు పోతుంది. ఇంకొన్ని కాపీల్లో కోయరు, అడ్డంగా సాగదీస్తారు. అప్పుడు రుబ్బురోలు కోడిగుడ్డులా కనిపిస్తుంది, మనుషులంతా పొట్టిగా లావుగా తయారవుతారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ ఎక్కడ అంచు పెట్టాలో చూసి చూసి పెట్టిన మనిషి. ఆయన పెట్టిన అంచుని మార్చే హక్కు టీవీ సైజుకి ఎవరిచ్చారు?

హాస్య సినిమాకి ఈ కోత మరీ ఎక్కువ నష్టం. ఏడిపించే సినిమాలో ముఖం కనిపిస్తే చాలావరకు సరిపోతుంది. నవ్వించే సినిమాలో కాళ్లూ చేతులూ అన్నీ కావాలి. రమణారెడ్డి గారిని చూడండి. ఎండుపుల్ల లాంటి మనిషి, ఘంటయ్యగా ఆయన నిలబడే తీరులోనే సగం కుట్ర తెలుస్తుంది. రామారావు గారు అంజిగా పొట్టి లాగు వేసుకుని పనివాడిలా తిరుగుతుంటే జనం నవ్వింది ఆ లాగు చూసి, ఆ నడక చూసి. కింద కోసేసిన బొమ్మలో లాగు ఎక్కడ, నడక ఎక్కడ?

ఇంకో సంగతి. పిల్ల కోసం ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టాం. పావుగంట అయ్యాక అది నన్ను అడిగింది, "అత్తా, ఇద్దరూ ఆవిడ కూతుళ్లే కదా, ఒక అమ్మాయితోనే ఎందుకు పని చేయిస్తోంది?" అని. నేను కింద వచ్చే అక్షరాలు చదివి చూశాను. లక్ష్మి సవతి కూతురు అనే మాట వచ్చిన చోట ఇంగ్లీషులో ఒట్టి కూతురు అని వేశారు. ఆ సినిమా మొత్తం నిలబడింది ఆ ఒక్క మాట మీద. సవతి కూతురు కాబట్టే లక్ష్మి వంటింట్లో, సొంత కూతురు కాబట్టే సరోజ అద్దం ముందు. అందుకే రామభద్రయ్య కొడుకులు అంజి, రాజా ఇద్దరూ వేషాలు మార్చుకుని ఆ ఇంట్లోకి రావాల్సి వచ్చింది. ఒక్క మాట పోతే పిల్లకి కథే పోయింది. తెలుగు రానివాళ్లెవరో యంత్రం మీద పెట్టి చేసినట్టున్నారు. తెలుగింటి వరసలు తెలిసిన మనిషి ఒక్కరు కూర్చుని చదివి ఉంటే చాలు, ఈ పొరపాటు దొరికిపోయేది.

మా ఇంటికి ఈ సినిమా రావడం ఇదే మొదటిసారి కాదు. వీసీడీల రోజుల్లో బజార్లో కొన్న సెట్టు ఉండేది. ఒక్కో డిస్కులో గంటా ఇరవై నిమిషాలకి మించి పట్టదు కాబట్టి రెండు గంటల నలభై నిమిషాలు దాటిన ఈ సినిమాకి మూడు డిస్కులు. మూడోది కొన్న రోజే ఇరుక్కుపోయింది. తిరిగి ఇస్తే షాపాయన ఇంకోటి ఇచ్చాడు, అదీ అంతే. కాపీ చేసిన దగ్గరే తప్పు జరిగింది. అలా మా ఇంట్లో చాలా ఏళ్లు సినిమా రెండో డిస్కుతోనే ఆగిపోయేది. మిగతా కథ అమ్మ నోటితో చెప్పేది. దుర్గమ్మ అనే ఇంకో గయ్యాళి వచ్చి పెత్తనం చేజిక్కించుకోవడం, గుండమ్మ తన సొంత ఇంట్లోనే దిక్కులేనిది కావడం, ఆఖరికి తను హింస పెట్టిన లక్ష్మే అండగా రావడం, అంతా నేను ముందు విన్నాను, తర్వాతెప్పుడో చూశాను.

ఆ వీసీడీ బొమ్మ నిలువునా 288 గీతలే. పగటి సీన్లు ఎలాగో చూడొచ్చు. వెన్నెల సీన్లు వచ్చాయంటే తెరంతా నల్లటి గళ్లు గళ్లుగా అయిపోయేది. బార్‌ట్లీ గారి వెన్నెల గురించి తెలుగువాళ్లు ఎంత గొప్పగా చెప్పుకుంటారో మీకు తెలుసు. మిస్సమ్మలో, మాయాబజార్‌లో, ఇందులో ఆయన తెలుపు నలుపుల్లోనే వెన్నెల కాయించాడు. ఆ వెన్నెల పాట వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరో ఒకరు లేచి టీవీ వెనక వైరు కదిపి చూసేవాళ్లు, లోపం టీవీదేమోనని.

ఇక సౌండు. ఈ సినిమాకి సంగీతం ఘంటసాల గారిది. రామారావు గారికీ ఆయనే పాడారు, నాగేశ్వరరావు గారికీ ఆయనే పాడారు. ఇద్దరు హీరోలు, ఒకటే గొంతు. అయినా కళ్లు మూసుకుని విన్నా ఎవరి పాటో చెప్పేయొచ్చు. అంజి పాటకి ఒక మొరటుదనం, రాజా పాటకి ఒక దొరబాబు షోకు. ఆ తేడా చాలా సన్నంగా ఉంటుంది. అది పట్టుకోవాలంటే సౌండు శుభ్రంగా ఉండాలి. మా డీవీడీలో వెనకాల పెనం మీద నీళ్లు చల్లినట్టు చుర్రుమనే చప్పుడు. దాన్ని అణచడానికి ఏదో చేశారు, దాంతో గొంతు కూడా అణిగిపోయింది. ఇంక మూలన కంపెనీ ముద్ర సినిమా అయ్యేదాకా కదలదు. ఆ ముద్ర ఒక సీన్లో సావిత్రి గారి చెంప మీద పడింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, పక్కన రంగురంగుల అక్షరాలు.

ఇన్ని లోపాల మధ్య కూడా ఈసారి సినిమా నన్ను పట్టుకుంది. అది కూడా మీతో చెప్పాలి. ఎందుకంటే ఇది పాతబడ్డ సరుకు, ముసలివాళ్లు తప్ప ఎవరూ చూడరు అని మీరు అనుకుంటూ ఉండొచ్చు.

చిన్నప్పుడు నేను గుండమ్మని చూసి భయపడ్డాను, కాస్త పెద్దయ్యాక నవ్వాను. ఇప్పుడు 50 దాటాక చూస్తే ఆవిడ మీద జాలి వేసింది. మొగుడు పోయిన మనిషి. ఆస్తి ఉంది, పెళ్లీడు పిల్లలున్నారు. సలహా చెప్పేవాడు ఘంటయ్య, వాడి లెక్కలు వాడివి. నోరు పెట్టుకుని బతక్కపోతే నలుగురూ కలిసి నమిలేస్తారని ఆవిడ భయం. లక్ష్మి పట్ల చేసింది ముమ్మాటికీ తప్పే. కానీ ఆవిడలో కుట్ర లేదు. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. దుర్గమ్మ వచ్చాక ఆ నోరు పడిపోతుంది చూడండి, అక్కడ సూర్యకాంతం గారి ముఖం చూస్తుంటే నాకు మా వీధిలో ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు గుర్తొచ్చారు. ఒకప్పుడు ఇంటిని గడగడలాడించి, ఇప్పుడు కోడలి గదివైపు చూసి కాఫీ అడగడానికి భయపడేవాళ్లు.

ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి ఆవిడ పాత్ర పేరు పెట్టారు. రామారావు గారికి నూరో సినిమాగా చెప్పుకునే సినిమా అది. ఇప్పుడు ఇద్దరు పెద్ద హీరోలు కలిసి చేస్తే గయ్యాళి అత్త పేరు టైటిల్‌గా పెడతారా చెప్పండి.

రుబ్బురోలు పాట దగ్గర మా తమ్ముడి కూతురు మొదటిసారి తనంతట తను తెరకేసి చూసింది. గొప్పింటి కొడుకు, నౌకరు వేషంలో వచ్చినవాడు, లక్ష్మి చేతిలో పని తను అందుకుని రోలు ముందు కూర్చుని రుబ్బుతూ ఆడవాళ్లు మేలుకున్నారని పాడతాడు. 1962లో. ఇటు సావిత్రి గారు పైకి నవ్వకుండా నవ్వుతుంటారు. పిల్ల అడిగింది, "ఆ రాయి ఏంటి?" అని. అమ్మ ఇడ్లీపిండి, గారెలపిండి, తెల్లవారుజామున లేచి రుబ్బడం, భుజం నొప్పులు అన్నీ చెప్పుకొచ్చింది. పాట అయిపోయాక కూడా ఆ కబురు అరగంట నడిచింది. సినిమా ఆపి మరీ మాట్లాడుకున్నాం. మా అమ్మ, మనవరాలు అంతసేపు ఒకే విషయం మీద మాట్లాడుకోవడం ఆ సెలవుల్లో అదే మొదటిసారి.

ఇప్పుడు నేను అడిగేది అడుగుతాను.

ఈ సినిమాకి మంచి ఇంటి కాపీ ఒకటి చేయించండి. దొరికిన వాటిలో అన్నిటికంటే మంచి నెగెటివ్‌నో, ప్రింటునో తీసుకుని శుభ్రంగా స్కాన్ చేయించండి. బొమ్మ ఎంత ఉందో అంతా ఉంచండి, పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి, ఎవరికీ ప్రాణం పోదు. ఒక్క పాట, ఒక్క సీను కూడా తీసేయకండి. మొదట్లో వచ్చే విజయా వారి జెండా, పేర్ల పట్టీ పూర్తిగా ఉండాలి, మాటలు డి.వి.నరసరాజు గారు, పాటలు పింగళి గారు, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు గారు అని మా పిల్లలు చదువుకోవాలి. తెలుగు తెలిసినవాళ్లతో సబ్‌టైటిల్స్ రాయించండి. ఇంగ్లీషుతో పాటు తెలుగు సబ్‌టైటిల్స్ కూడా కావాలి. మా అమ్మకి ఒక చెవి సరిగ్గా వినపడదు, తెలుగులో అక్షరాలు వస్తే ఆవిడ సౌండు పెంచమని పదిసార్లు అడగక్కర్లేదు.

చేయలేం అంటే ఒప్పుకోను. మాయాబజార్‌కి 2010లో రంగులద్ది, సౌండు కొత్తగా చేసి హాళ్లలో వేస్తే జనం కుటుంబాలతో వెళ్లి చూశారు. నాకు ఆ రంగుల మీద మోజు లేదు, నలుపు తెలుపులో ఉన్నదే నాకు ఇష్టం. కానీ శ్రద్ధ పెడితే పని జరుగుతుందని ఆ రోజే తేలింది. 2022 నుంచి హీరోల పుట్టినరోజులకి పాత హిట్లు ఫోర్‌కేలో వేస్తున్నారు, కుర్రాళ్లు కాగితాలు చల్లుకుంటూ చూస్తున్నారు. అంటే పనితనం మన దగ్గర ఉంది, యంత్రాలు ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో అక్కినేని గారి శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి ఆయన సినిమాలు పది ఊరూరా హాళ్లలో వేయించాయి. వాటిలో గుండమ్మ కథ కూడా ఉంది. హాల్లో వేయగలిగిన కాపీ ఉన్నప్పుడు, ఇంట్లో టీవీకి మాత్రం ఈ కోతల కాపీ ఎందుకు?

హక్కుల తగాదా అంటారేమో. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. 1962 సినిమాకి ఆ గడువు 2022 డిసెంబర్‌తో తీరింది. మాటలు, పాటలు రాసినవాళ్ల హక్కుల లెక్క వేరే ఉంటుంది, అది వాళ్ల వారసులతో మాట్లాడి తేల్చుకోవాల్సిందే. సినిమా మీద హక్కు గడువు తీరిందని ఎవరికి వాళ్లు చేతులు దులుపుకుంటే మాత్రం ఆ డబ్బాలు ఏ గోడౌన్లోనో పడి ఉంటాయి. ఆ కాలపు ఫిల్ము వేడికీ తేమకీ పాడవుతూ వెనిగర్ వాసన కొడుతుందనీ, ఒకసారి ఆ వాసన మొదలైతే వెనక్కి తిరగదనీ మీ దగ్గర పనిచేసేవాళ్లకి తెలుసు. మన ఎండల్లో, మన ముసుర్లలో 60 ఏళ్లు దాటి నిలిచిందంటే అదే పెద్ద అదృష్టం. ఇంకో పదేళ్లు ఆగుదాం అనడానికి లేదు. రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్రాభివృద్ధి సంస్థలు కూడా ఇందులో చెయ్యి కలపాలి. ఒక్కొక్క ఏడాది పది పాత సినిమాలు పట్టుకుని బాగుచేసినా పిల్లల నాటికి చేతిలో కొంత మిగులుతుంది.

ఎవరు కొంటారు అని కూడా మీరు అడగొచ్చు. మేం కొంటాం. డిస్కు అయినా సరే, డౌన్‌లోడ్ అయినా సరే, ఒకసారి డబ్బు కడితే మా దగ్గర ఉండిపోయేది కావాలి. ఏదో యాప్‌లో ఈ నెల ఉండి వచ్చే నెల మాయమైపోయేది వద్దు. మా తమ్ముడు డాలస్‌కి ఒకటి తీసుకెళ్తాడు, నేను మా ఆడపడుచు కూతురి గృహప్రవేశానికి ఒకటి ఇస్తాను.

నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు 1947లో చందమామ మొదలుపెట్టారు. మా ఇంట్లో పాత సంచికలు ఇప్పటికీ ఉన్నాయి, అమ్మ ట్రంకుపెట్టెలో. పిల్లల పుస్తకమే కదా అని ఆ బొమ్మల్లో ఒక్కదాని అంచయినా తెగ్గొట్టి అచ్చేసినట్టు నాకు కనపడలేదు. రంగు పక్కకి జరిగిన పేజీ కూడా మా సంచికల్లో నా కంటపడలేదు. అంత పట్టింపున్న మనుషులు తీసిన సినిమా ఇది. వాళ్లే ఉండి ఈ డీవీడీ చూస్తే ఏమనేవారో నాకు తెలియదు గానీ, బజార్లోకి మాత్రం వదిలి ఉండరు.

నాగేశ్వరరావు గారికీ సూర్యకాంతం గారికీ 2024లోనే నూరేళ్లు నిండాయి. రామారావు గారికి అంతకు ముందు ఏడాదే. దండలు వేశాం, ఉపన్యాసాలు చెప్పుకున్నాం, స్టాంపులూ నాణేలూ వేసుకున్నాం. సూర్యకాంతం గారి చెయ్యి మాత్రం ఇంకా తెర కిందే ఉండిపోయింది.

మా తమ్ముడి కుటుంబం వచ్చే వేసవికి మళ్లీ వస్తుంది. వెళ్లేముందు పిల్ల ఆ డీవీడీ కవరు తిప్పి చూసి, "మళ్లీ వచ్చినప్పుడు మంచిది ఉంటుందా?" అని అడిగింది. అమ్మ నావైపు చూసింది. ఏం చెప్పాలో తెలియక కనుక్కుంటానన్నాను. మీరే చెప్పండి, ఆ పని మొదలైందా? కాకపోతే ఎప్పుడు మొదలవుతుంది?

జవాబు కోసం ఎదురుచూస్తూ,

గుంటూరు నుంచి ఒక ప్రేక్షకురాలు